సముద్రం లేచొచ్చిన పేజీ

ఫిబ్రవరి 3

అత్తా,

ముందు నీ మోకాలు ఎలా ఉందో చెప్పు, ఆ తర్వాత తీరిగ్గా నన్ను తిట్టు. ఫోన్లో నేను చెప్పేది సగం వినిపించక నువ్వు అన్నిటికీ "సరే సరే" అనేస్తున్నావు కాబట్టి పని మాటలు ఇక ఉత్తరాల్లోనే. పైగా స్క్రీన్‌ప్లే మీద నీ సంతకం పడనిదే సినిమా కంపెనీ వాళ్ళు కెమెరా మూత కూడా తియ్యరట.

నీ "జాడీలో అల" నవల ఇప్పుడు నా గది గోడంతా పరుచుకుని ఉంది. సీనుకో అట్టముక్క చొప్పున రాసి తాడు మీద బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. ఇంటి ఓనరమ్మ వచ్చి, ఉతికిన బట్టల కోసం తాడు ఇస్తే కాగితాలు ఆరేస్తున్నావేమిటని అడిగి వెళ్ళింది. లైట్‌హౌస్ కాపలాదారు కూతురు ఓ చిన్న అలను జాడీలో పట్టి ఇంటికి తెచ్చుకోవడం రాసేశాను. ఆ అల మచ్చికై, పిలిస్తే జాడీ అంచు దాకా లేచి చూడటమూ రాసేశాను. ఇక తప్పిపోయిన తన పిల్ల అలను వెతుక్కుంటూ సముద్రం ఊళ్ళోకి వచ్చే చోటు మిగిలింది.

అత్తా, నేను ఈ పనిలోకి వచ్చిందే ఆ చోటు కోసం. డైరెక్టరమ్మకూ నిర్మాతకూ కథ వినిపించిన రోజు మిగతాదంతా కాగితం చూసి చదివాను గానీ దాన్ని మాత్రం గుర్తున్నది గుర్తున్నట్టు నోటితో చెప్పాను. అయిపోయేసరికి నిర్మాత చేతిలో టీ అలాగే చల్లారిపోయింది. చివరికి ఆయన, "ఈ ఒక్క సీను కోసం సినిమా తీస్తాను. అది లేకపోతే నాకు వేరే కథలున్నాయి" అన్నాడు.

నిన్న ఆ పేజీలు దగ్గర పెట్టుకుందామని పుస్తకం తెరిచాను. అవి లేవు. "సముద్రం వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు" అని ఉంది. వెంటనే కింద పేరాలో "మర్నాడు వీధి తడిగా లేదు. జాడీ ఖాళీగా ఉంది" అని ఉంది. అంతే. నా దగ్గరున్నది కొత్త ముద్రణ కాబట్టి కుదించేసి ఉంటారు. ఏ మహానుభావుడు కోసేశాడో గానీ వాడి చెయ్యి విరగ. నీ దగ్గరున్న మొదటి ముద్రణ కాపీ వెంటనే పంపు.

నాన్నకి నేను బాగా తింటున్నానని చెప్పు. నమ్మడు, అయినా చెప్పు.

తూనీగ


ఫిబ్రవరి 11

ఒక చోట కుదురుగా వాలని తూనీగమ్మకు,

మోకాలు మోకాలి చోటే ఉంది. మెట్లే ఎక్కువయ్యాయి.

మొదటి ముద్రణ పంపుతున్నాను. పేజీలు తిరగేసి కళ్ళు నొప్పి పెట్టుకోకు. ఆ చోట నేను రాసింది ఆ రెండు వాక్యాలే. ఎవరూ కోయలేదు. ఇన్నేళ్ళుగా చదివినవాళ్ళు ఆ రెండు వాక్యాలనే మెచ్చుకుంటూ నాకు ఉత్తరాలు రాస్తున్నారు. నీళ్ళ సరఫరా ఆఫీసులో కూర్చుని, కుళాయి రావడం లేదన్న అర్జీల మధ్య రాసుకున్న పుస్తకం అది. అందులో ఏముందో ఏం లేదో నాకు తెలియదా?

నువ్వు కల కని ఉంటావు. చిన్నప్పటి కలలు గట్టివి.

ఇక అసలు మాట. నవలలో లేనిది సినిమాలో ఉండకూడదని ఒప్పందంలో నేను రాయించిన షరతు నీకు తెలుసు, ఎందుకు రాయించానో కూడా తెలుసు. వెనకటికి నాటకం వాళ్ళకి ఇదే నవల ఇస్తే ఏం చేశారో నువ్వే చూశావు. సముద్రానికి నీలం కోటు తొడిగి మీసాలు పెట్టారు. ఆ మీసాల సముద్రం వేదిక మీదకొచ్చి లైట్‌హౌస్ కాపలాదారుతో పాత కక్షల గురించి మాట్లాడింది. మొదటి వరసలో కూర్చున్న నేను ఎటు చూడాలో తెలియక నా చెప్పులు చూసుకున్నాను. మళ్ళీ ఆ పని నా చేత చేయించకు. నువ్వు నా మేనకోడలివి కాబట్టి షరతు సడలుతుందనుకుంటే పొరపాటు. నువ్వు కాబట్టే ఇంకా గట్టిగా ఉంటుంది.

మీ నాన్న నీ తిండి సంగతి నమ్మలేదు.

మీసాలు ఒప్పుకోని మీ అత్త


ఫిబ్రవరి 19

అత్తా,

పుస్తకం అందింది. నువ్వన్నట్టే అందులోనూ రెండు వాక్యాలే. కానీ ఇది కల కాదు. కల అయితే ఇంత కచ్చితంగా ఉండదు.

నా కాలు విరిగి పిండికట్టు వేయించుకుని మంచాన పడ్డ వేసవి గుర్తుందా? అమ్మకి ఆసుపత్రిలో పగటి డ్యూటీ. నాన్నకి ప్రెస్సులో రాత్రి పని. అందుకని మధ్యాహ్నాలు నాన్న నా మంచం పక్కన నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని నీ పుస్తకం చదివి వినిపించేవాడు. కర్టెన్ మూసి ఉండేది. నాన్న గొంతు నీకు తెలుసుగా, కరెంటు బిల్లు చదివినా పరీక్షా ఫలితాలు చదివినట్టే ఉంటుంది. రోజూ ఆపే ముందు పుస్తకం మూసి, "మిగతాది రేపు. కాలు కదపకు" అనేవాడు. సముద్రం ఊళ్ళోకొచ్చిన రోజు నాకు కాలు నొప్పి తెలియలేదు. అసలు కాలుందనే తెలియలేదు. నాన్న కళ్ళు వరసల వెంట కదలడం చూశాను, పేజీలు తిప్పడం చూశాను. అది పుస్తకంలో లేకపోతే నాన్న ఏం చదివినట్టు?

నాకొకటే తోస్తోంది. అచ్చుకి వెళ్ళేటప్పుడే ఆ పేజీలు జారిపోయి ఉంటాయి. నాన్న నాకు చదివింది నీ రాతప్రతి అయినా అయ్యుండాలి, లేదా ముందు తీసిన ప్రూఫుల కట్ట అయినా అయ్యుండాలి. పుస్తకం అచ్చేసిందీ నాన్న పనిచేసే ప్రెస్సే, ప్రూఫులు దిద్దిందీ నాన్నే కదా. ఆ హడావిడిలో ఎక్కడో తప్పిపోయాయేమో ఒక్కసారి అడుగు. నేను అడిగితే నొచ్చుకుంటాడు.

నెలాఖరులోపు సీను ఇవ్వకపోతే నిర్మాత వేరే కథకి వెళ్ళిపోతాడు. డైరెక్టరమ్మ రోజూ ఫోన్ చేసి "సముద్రం వచ్చిందా" అని అడుగుతోంది.

తూనీగ


ఫిబ్రవరి 27

అమ్మా తల్లీ,

నువ్వడిగితే నొచ్చుకుంటాడని నా చేత అడిగించావు. ఇప్పుడు ఇద్దరి మీదా నొచ్చుకున్నాడు. నీ తెలివికి జోహార్లు.

మీ నాన్న సంగతి తెలిసీ ఎలా రాశావు ఆ మాట? మందు సీసా మీద లేబులు తప్పుంటే ముందు దాన్ని దిద్ది, తర్వాత మందు వేసుకునే మనిషి. ఎదుటివాడి రాతలో తప్పు దిద్దడమే తప్ప సొంతంగా కామా కూడా పెట్టడు. పైపెచ్చు అది అక్క రాసిన పుస్తకం. నువ్వన్న మాట చెప్పగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నా చేతిలోంచి పేజీలు పోయాయందా? దానికి చెప్పక్కా. నేను ఇంకొకరి రాతలోంచి అక్షరం తీసినవాణ్ణి కాదు, అక్షరం చేర్చిన..." అని అంతటితో ఆపేశాడు. కోపంతో మాట పడిపోయిందనుకున్నాను. చొక్కా తొడుక్కుని, సెలవని కూడా చూడకుండా ప్రెస్సుకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అన్నం దగ్గర కూడా నోరు మెదపడం లేదు. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తడం లేదని నువ్వూ గమనించే ఉంటావు.

నేనూ ఉన్నమాట అనేస్తాను, మనసులో పెట్టుకుంటే అరగదు. ఆ సీను నువ్వే కల్పించావు. కల్పిస్తే తప్పేం లేదు, అది నీ వృత్తి. దాన్ని నా పేరు మీద చెప్పి, వాళ్ళని ఒప్పించి, ఇప్పుడు పేజీలు పోయాయని నా తమ్ముడి మీద పెడుతున్నావు. అదే నాకు కష్టంగా ఉంది.

సముద్రం నా పుస్తకంలో ఉన్నట్టే రావాలి. కాదంటే సినిమా మానెయ్యి.

మీ అత్త


మార్చి 4

అత్తకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. దాచిపెట్టడం ఎందుకు. నేను అబద్ధం ఆడానని నువ్వు అనుకోవడం కన్నా నాన్న ఫోన్ ఎత్తకపోవడం ఎక్కువ బాధగా ఉంది.

నేను తప్పుకుంటాను. డైరెక్టరమ్మకి చెప్పేశాను. ఆవిడ పోట్లాడలేదు, నిర్మాతని గడువు అడుగుతాను, వారం ఆగి చూద్దాం అంది. గోడ మీది అట్టముక్కలు ఇంకా దించలేదు. ఒక్క క్లిప్పు మాత్రం ఖాళీగా వేలాడుతోంది.

కానీ ఒక్కటి అడుగుతాను, కాదనకు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు కింద రాస్తున్నాను. సినిమా కోసం కాదు. ఇది నేను కల్పించగలిగే బాపతు కాదని నీకు తెలియాలని. నాకింత శక్తే ఉంటే ఇన్నాళ్ళూ సబ్బుల ప్రకటనలు రాసుకుంటూ ఎందుకుంటాను?

"సముద్రం పొంగి రాలేదు, లేచి వచ్చింది. ఒడ్డున నిలబడి ఊరి వంక చూసింది. నడుచుకుంటూ వచ్చి, వీధి మొదట్లో ఆగి, తన వెడల్పు తాను చూసుకుని, ఒళ్ళు దగ్గరకు తీసుకుని, పక్కకు తిరిగి లోపలికి వచ్చింది. మెట్ల మీద ఆరేసిన వల కూడా తడవలేదు. మేడల కన్నా ఎత్తున నీళ్ళు నిలువుగా నిలబడ్డాయి, అద్దం లేదు, అడ్డం లేదు. ఇళ్ళల్లో వెలుగు ఆకుపచ్చగా మారింది. కిటికీల అవతల చేపలు ఆగి, లోపలి మంచాలనీ గోడ గడియారాలనీ చూసి, మళ్ళీ కదిలాయి. ఎక్కడా చప్పుడు లేదు. పై అంతస్తు కిటికీ దగ్గరకు తిమింగలం కన్ను వచ్చింది, తలుపంత కన్ను. ఆ గదిలో ముసలావిడ భయపడలేదు. పాపం ఎవరినో వెతుక్కుంటోందని అర్థం చేసుకుని, లోపల బాగా కనబడాలని దీపం ఎత్తి పట్టుకుంది. కన్ను గది నలుమూలలా చూసి, పక్కింటికి వెళ్ళింది."

ఇంతవరకే గుర్తుంది. దీని తర్వాత ఏమైందో ఎంత తలచుకున్నా రావడం లేదు.

నాన్నకి నా మీద కోపం తగ్గాక చెప్పు, ఫోన్ చేస్తాను.

తూనీగ


మార్చి 9

నా బంగారు తూనీగా,

ముందు నన్ను క్షమించు. తర్వాత కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ నాన్న వంటింట్లో బల్ల మీద దుప్పటి పరిచి చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చేతికిస్తే చదవడని తెలుసు. అందుకని నేనే కుర్చీ లాక్కుని, నాకోసం చదువుకుంటున్నట్టు పైకి చదవడం మొదలుపెట్టాను. వాడు వెనక్కి తిరగలేదు. ఇస్త్రీపెట్టె చప్పుడు మాత్రం ఆగిపోయింది. నేను "పై అంతస్తు కిటికీ దగ్గరకు తిమింగలం కన్ను వచ్చింది" అని చదివానో లేదో, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"కన్ను అక్కడ కాదు. ముందు పడవల అడుగులు."

నేను ఆగిపోయాను. వాడు ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి, చెవి మీది పెన్సిలు తీసి, నా చేతిలోంచి నీ ఉత్తరం లాక్కుని, చేపల వాక్యం తర్వాత గీత కొట్టి పక్కన రాశాడు. రాస్తూ పైకి చెప్పాడు. సముద్రం మేడల కన్నా ఎత్తు కదా, మరి పడవలు ఎక్కడుంటాయి? మన తలల మీద ఉంటాయి. జనం తలెత్తి, వాళ్ళ పడవల్ని జన్మలో మొదటిసారి కింది నుంచి చూశారు. ఒక జాలరి తన పడవకున్న చీలికను చూసి, ఇన్నాళ్ళూ నన్ను ముంచకుండా మోసిందా ఇది అని చేతులు జోడించాడు. ఆ తర్వాతే కన్ను. "వరస తప్పు రాసింది" అన్నాడు, ప్రూఫు దిద్దేటప్పటి గొంతుతో. నీ ఉత్తరం అట్టడుగున "మిగతాది?" అని ప్రశ్న గుర్తు కూడా పెట్టాడు.

అప్పుడు నా మొహం చూశాడు. చొక్కా మాడిన వాసన వచ్చింది, ఎవరం కదల్లేదు.

లేని పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని దిద్దాడమ్మా. ఇన్నేళ్ళ తర్వాత, ఒక్క వరస తప్పకుండా.

మెల్లగా చెప్పాడు. ఆ మధ్యాహ్నం నా రెండు వాక్యాలూ చదివాడట. నువ్వు "ఎలా వచ్చింది నాన్నా" అన్నావట. ఏమీ లేదంటే నీకు కాలు నొప్పి గుర్తొస్తుందని, "ఉండు, ఇక్కడ ఉంది" అని పుస్తకంలోకే చూస్తూ చెప్పుకుపోయాడట. పేజీలు తిప్పింది నువ్వు అనుమానపడకుండా. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు, ఎందుకంటే అక్క రాతలో తను చెయ్యి పెట్టాడు. వాడికి అది చెప్పుకోలేని పని. నువ్వు పేజీలు పోయాయన్నావని కాదు వాడికి కోపం, నువ్వు ఎక్కడ పట్టుకుంటావో అని భయం.

ఇరవై వాటాల ఈ బిల్డింగులో, పక్క గదిలో, పంచదార ఎక్కువైందని రోజూ నాతో పోట్లాడే వీడిలో ఆ సముద్రం ఉందని నాకు తెలియలేదు. నేను రెండు వాక్యాలు రాసి ఊరుకున్నది ఆ సముద్రం నాకు కనబడక. వీడికి కనబడింది. రాత్రంతా వేరేవాళ్ళ తప్పులు దిద్ది వచ్చి, నేల మీద కూర్చుని, నిద్ర కళ్ళతో చూశాడు దాన్ని.

నా షరతు అలాగే ఉంటుంది. నా రెండు వాక్యాలూ వాటి చోటనే ఉన్నాయి, నా పేరాలో ఒక్క అక్షరం కదల్లేదు. ఆ పేరాకీ కింది పేరాకీ మధ్య నేను వదిలేసిన తెల్ల కాగితం మీద మీ నాన్న సముద్రాన్ని నిలబెట్టాడు. ఒప్పుకుంటూ సంతకం చేసి పంపుతున్నాను. టైటిల్స్‌లో వాడి పేరు వెయ్యాలి. వద్దంటాడు, పట్టించుకోకు.

ఇంకొకటి. నీకు మిగతాది ఎందుకు గుర్తు లేదో తెలుసా? "అక్కడికొచ్చేసరికి అది నిద్రపోయింది" అన్నాడు. చివర ఏమైందో నేనెంత అడిగినా నాకు చెప్పలేదు. "వినాల్సింది అది" అన్నాడు. వాణ్ణి రైలెక్కిస్తున్నాను. నేను ఈ మోకాలితో రాలేను. అక్కడ ఏం జరిగిందో నాకు పూసగుచ్చినట్టు రాయాలి.

మీ అత్త


మార్చి 16

అత్తా,

నువ్వు కూర్చునే చదువు. నేను మాత్రం ఇంకా కూర్చోలేకపోతున్నాను.

నాన్న దిగాడు. నువ్వు సర్దిన సంచీలో చొక్కాలు రెండే, పెన్సిళ్ళు నాలుగు. నా గదికొచ్చి గోడ మీది అట్టముక్కల్లో అచ్చుతప్పులు దిద్దుకుంటూ చివరి దాకా వెళ్ళి, ఖాళీ క్లిప్పు దగ్గర ఆగాడు. నా మీద కోపం గురించి నేనూ అడగలేదు, తనూ ఎత్తలేదు. "చిక్కిపోయావు" అన్నాడు. అంతే, సరిపోయింది.

నిన్న స్క్రిప్టు చదివే రోజు. పెద్ద హాల్లో పొడుగు బల్ల, చుట్టూ నటులు, కెమెరా ఆయన, సెట్లు వేసే ఆవిడ, చివర్న నిర్మాత. నాన్నని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ సీను వచ్చింది. స్క్రిప్టులో అది అరపేజీయే. డైరెక్టరమ్మ, "ఇది మీరు చదవండి సార్" అంది. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, నా స్క్రిప్టు కాగితాలు పుస్తకంలా చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు. అదే గొంతు. పరీక్షా ఫలితాల గొంతు.

అరపేజీ ఎప్పుడో అయిపోయింది అత్తా. నాన్న ఆగలేదు. కళ్ళు వరసల వెంట కదులుతున్నాయి, వేళ్ళు పేజీలు తిప్పుతున్నాయి. నేను పక్కనుంచి చూశాను. ఆ పేజీల్లో ఉన్నది హోటల్ సీను, తర్వాతది మార్కెట్టు సీను. నాన్న వాటిల్లోంచి సముద్రాన్ని చదువుతున్నాడు. ఆ వేసవిలో నేను చూసింది దీన్నే. అప్పుడు ఎదురుగా మంచం మీదున్నాను కాబట్టి పుస్తకం అట్ట మాత్రమే కనబడింది.

చివరిది చెబుతాను. సముద్రం కాపలాదారు కూతురి ఇంటి ముందుకొచ్చి ఆగింది. తలుపు తట్టలేదు. గుమ్మం చిన్నది, తను పట్టదు. లోపల జాడీలో తన పిల్ల ఉంది. అప్పుడు సముద్రం తగ్గడం మొదలుపెట్టింది. పడవల్నీ చేపల్నీ తిమింగలాన్నీ ఒడ్డున ఉండమని వెనక్కి పంపేసింది. మేడంత అయింది. మనిషంత అయింది. గుమ్మం దాటాక ఇంకా తగ్గి, మంచం పక్కన నేల మీద, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంది. నిద్రపోతున్న ఆ అమ్మాయిని లేపలేదు. తర్వాత గ్లాసుడు నీళ్ళంత అయి, జాడీలోకి ఒదిగి, తన అల పక్కన పడుకుంది. ప్రపంచంలో ఉన్న సముద్రమంతా ఆ ఒక్క జాడీలో తెల్లారేదాకా చప్పుడు చెయ్యకుండా ఉంది.

ఇది నేను నిద్రపోయాక, ఎవరూ వినకపోయినా నాన్న చెప్పుకుపోయిన ముక్క.

చదవడం ఆపి తలెత్తాడు. కెమెరా ఆయన ఎప్పుడు లేచాడో నాకు తెలియదు. నటులు లేచారు. నిర్మాత కుర్చీ వెనక్కి పడిపోయింది, ఎవరూ తీయలేదు. నేనూ లేచే ఉన్నాను. నీ రెండో వాక్యం అత్తా, నువ్వు రాసింది రాసినట్టు. అందరం నిలబడ్డాం.

నాన్న మా అందరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. ఏం చెయ్యాలో తోచక కాగితాలు పుస్తకం మూసినట్టు మూసి, అలవాటు మాట అనేశాడు.

"మిగతాది రేపు. కాలు కదపకండి."

ఎవరం కదల్లేదు.

తూనీగ